మీదుగట్టిన పొట్టేలు

కొత్తబండపల్లి, ఉరవకొండ దగ్గర
జూలై 8, 2002

నా తల్లి జయంతికి,

మీ అవ్వ తిమ్మక్క రాసుకుంటాండాది. పెద్దోళ్ల బడిలో నేర్చుకున్న అక్షరాలు, వంకర పోతే ఏమనుకోవద్దు. మీ మారెప్ప మామ నేను రాసిస్తాలే అన్నాడు గానీ, వానికి పది మాటలు చెప్తే నాలుగు రాసి ఆరు మింగుతాడు. అందుకే నేనే కూచున్నా.

ఒళ్లు బాగుండాదా? గార్లదిన్నె నీళ్లు మంచివేనా? కాచుకొని తాగుతాండావా? బస్సు దిగి ఇస్కూలుకు ఎంత దూరం నడవల్ల? గొడుగు పట్టుకో. నామోషీ అనుకోవద్దు. మీ అమ్మ పోయినాక నిన్ను ఈ చేతులతోనే పెంచినా గదా, నీకు ఆడ తల నొస్తే నాకు ఈడ నొస్తాది.

మృగశిర పోయింది, ఆరుద్ర పోయింది, చుక్క పడలే. చెనిక్కాయ విత్తనం మూట కట్టింది కట్టినట్లే ఉండాది. గొర్రెలు గడ్డి లేక బండలు నాకుతాండాయి.

ఇంకొక మాట. మన పక్కింటి ఈరమ్మ కోడలిది మీ గార్లదిన్నెనే గదా, పుట్టింటికి పోయి వచ్చి బోరింగు కాడ నలుగురి ముందర అనింది, "మీ జయంతి టీచరు కోతి మనిషయ్యిందని పిల్లోళ్లకు చెప్తాందంట" అని. అందరూ నా మొగం చూసి నవ్వినారు. మీ మామయితే ఇంటికొచ్చినాక "నిజమే ఉంటాది లేమ్మా, నిన్ను చూస్తే తెలీడంలా" అన్నాడు.

ఏంటికమ్మా నీకు? ఉద్యోగమొచ్చి యేడు నిండలే. ఎవురన్నా పైకి రాస్తే ఏం గతి? పుస్తకంలో వేరే పాఠాలు లేవా? బిన్నా జాబు రాయి, ఆలస్యం చెయ్యొద్దు. రాయకపోతే నాకు కూడు దిగదు.

మీ అవ్వ

*

గార్లదిన్నె
జూలై 21, 2002

అవ్వా,

నేను బాగానే ఉన్నాను. నీళ్లు కాచుకొనే తాగుతున్నాను. గొడుగు కొన్నాను, నల్లది. నీకు నిద్ర పడుతుందని ముందు ఈ మూడూ రాసినాను.

కోతి కడుపున మనిషి పుట్టినాడని నేను చెప్పలేదవ్వా. ఏడో తరగతి సైన్సులో జీవులు తరతరానికీ ఎట్లా మారుతూ వచ్చినాయో ఒక పాఠం ఉంది. కోతికీ మనకూ ఎప్పుడో ఒకే ముత్తాత ఉన్నాడని చెప్పినాను. దాయాదులు అన్నమాట. పిల్లలు ఇంటికి పోయి ముత్తాతను వదిలేసి కోతిని మాత్రం చెప్పినారు.

అరవై రెండు మంది అవ్వా, ఒకటే గది. ఉక్క. వాన లేదని సగం మంది తల్లిదండ్రుల వెంట బెంగళూరు కూలికి పోతారు, పది దినాలకు మళ్లీ వస్తారు. చెప్పిందే చెప్పాల. సాయంత్రానికి గొంతు ఉండదు. ఈ పాఠం ఎన్నిసార్లు చెప్పినా బల్ల మీద నీళ్లు పోసినట్లే ఉంది. పుస్తకంలో బొమ్మలన్నీ జిరాఫీలు, తిమింగలాలు. వీళ్లెప్పుడు చూసినారు వాటిని? ఇక్కడ సగం మంది గొర్రెలోళ్ల పిల్లలే.

అందుకే నిన్ను అడుగుతున్నా. మీ అత్తగారి కాలంలో మన గొర్రెలు ఎట్లుండేవి? పొట్టేలిని ఎట్లా ఎంచుతారు? ఇంకొకటి, రాబందుల గురించి కూడా రాయి. ఏది దేన్ని తిని బతుకుతుందో గీయమంటే పిల్లలు రాబందును వదిలేసినారు. ఎందుకంటే వీళ్లు పుట్టినాక ఒక్కటీ చూడలేదంట.

జయంతి

*

కొత్తబండపల్లి
ఆగస్టు 11, 2002

జయంతమ్మకు,

చదువుకున్నదానివి నువ్వు నన్ను పాఠం అడిగితే నవ్వొచ్చింది, బయమూ అయ్యింది. తప్పు రాస్తే పిల్లోళ్లు తప్పు నేర్చుకుంటారేమో. రెండు దినాలు పట్టింది ఇది రాసేకి.

నేను కాపురానికి వచ్చినప్పుడు మా అత్త మందలో పొట్టేలు నిలబడితే నా నడుము దాకా వస్తాండె. ఇప్పుడు మోకాలు దాటితే గొప్ప. అంతా కరువు చేసిందే అనుకుంటాము.

ఎంచేది ఎట్లాగంటావా, నీకు తెలీందేముండాది, చిన్నప్పుడు నువ్వూ చూసినావు. పిల్లలు పుట్టిన రెండు నెలలకు మందలో మేటిది చూస్తాము. కాళ్లు పొడుగుండల్ల, రొమ్ము వెడల్పుండల్ల, ఎండలో తల వేలాడెయ్యకూడదు. దాని మెడకు పసుపు దారం కడతాము. ఇంక అది మన ఊరమ్మ సుంకులమ్మకు మీదు, మొక్కుగా విడిచినట్లు. దాన్ని అమ్మేది లేదు, ఎవురికీ ఇచ్చేది లేదు. అమ్మకు ఎంగిలిది పెట్టకూడదని దాని పొట్ట కింద గుడ్డ కడతాము, ఆడగొర్రెల మీదికి పోకుండా. రెండేండ్లు మేపి జాతరలో ఇస్తాము. పసుపు నీళ్లు పోస్తే అది ఒళ్లు దులపల్ల. దులిపితే అమ్మ ఒప్పుకున్నట్లు. దులపకపోతే పొద్దు గుంకినా నిలబడల్ల. మంద నడిచేది మిగిలిన పొట్టేళ్లతోనే.

ఇప్పుడుండే మీదుపొట్టేలు ఎట్లుండాదనుకున్నావు! నల్లగా, నొసట తెల్లచుక్క. ఇరవై యేండ్లలో నేను అట్లాంటిది చూడలే. ఎవురి మీద మొక్కినానో తర్వాత చెప్తా.

రాబందులా, ఒగప్పుడు ఎద్దు చస్తే ఊరి బయట ఈడ్చి పారేస్తే మధ్యాన్నానికి ఎముకలు మిగుల్తాండె. ఇప్పుడు రావు. యాడికి పోయినాయో. ఈ యేడు చచ్చిన ఆవులు వంకలో అట్లే ఉండాయి, కుక్కలు తిని తిని తోడేళ్ల మాదిరి అయినాయి. ఆ తట్టు పోయేకి నాకు బయం.

నువ్వు మాత్రం కుక్కలు ఉండే దావలో పోవద్దు.

అవ్వ

*

గార్లదిన్నె
సెప్టెంబరు 3, 2002

అవ్వా,

నీ జాబు నాకు ఎంత పని చేసిందో నీకు తెలీదు. ఈ యేడు మొదటిసారి గంట కొట్టినా పిల్లలు లేవలేదు.

ఏం చేసినానంటే, చేటలో చెనిక్కాయలు పోసినాను, పెద్దవీ చిన్నవీ కలిపి. ఇది మంద అన్నాను. ఒక్కో బెంచీ వచ్చి అన్నిటికన్నా పెద్దవి నాలుగు తీసి పక్కన పెట్టాల. అవి అమ్మవారికి. మిగిలినవాటిలో ఏ సైజువి ఎక్కువ ఉన్నాయో చూసి, ఆ సైజువే నాలుగు కలపాల. అవి పిల్లలు. ఆరు బెంచీలు అయ్యేసరికి చేటలో అన్నీ బుడ్డ కాయలే. ఓబమ్మని ఒక పిల్ల ఉంది, వాళ్ల నాయనకు పెద్ద మంద. అది చేటలోకి చూసి చూసి లేచి, "టీచర్, మా మంద గూడా ఇంతే! మేటిది పిల్లలు పెట్టకముందే మేము కోసేస్తాము గదా!" అనింది. నేను చెప్పకుండానే అనింది అవ్వా. తర్వాత "అమ్మవారికి చిన్నది ఇస్తే సరిపోదా టీచర్?" అనింది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వినాను.

మేత లేక కొంత తగ్గి ఉంటుంది, కాదనను. కానీ ఎత్తు పెరిగే రకాన్ని మనమే మందలోంచి తీసేస్తూ వచ్చినాము. యాభై ఏండ్ల నుంచి మంచివి ఇచ్చేసి, మిగిలినవాటితో మంద నడిపినాము. నీ నడుము దాకా వచ్చింది మోకాలికి దిగింది కరువొక్కదానితోనే కాదు.

రాబందు సంగతి కూడా చెప్పినాను, అది పోతే దాని కూడు ఇంకోదానికి పోతుందని. నీ జాబు క్లాసులో చదివి వినిపించినాను. మా అవ్వ అని చెప్పినాను.

జయంతి

*

కొత్తబండపల్లి
సెప్టెంబరు 19, 2002

జయంతీ,

నీ జాబు చదివినాక సంగటి ముద్ద పక్కన పెట్టేసినా.

నేను నీకు రాసుకున్న మాట అరవై మంది ముందర ఎట్లా చదివినావు? అమ్మవారికి చిన్నది ఇయ్యొచ్చా అని ఒక పిల్ల అడిగితే నువ్వు నవ్వుతావా? ఆ పిల్ల నాయన ఊరుకుంటాడా? ఇంటికి పోయి చెప్పకుండా ఉంటారా పిల్లోళ్లు? కోతి మాట ఎంత దూరం వచ్చిందో చూసినావు గదా. ఇది కోతి కాదు. సుంకులమ్మ. మా అత్తా, మా అత్తకు అత్తా చేసినారు ఈ పని. వాళ్లంతా తెలివి తక్కువోళ్లా?

నేను ఎవురికీ చెప్పలే. మీ మామకు గూడా. కానీ నిన్న ఒగదాన్నే గొర్రెల రొప్పంలోకి పోయి ఆ నల్లదాన్ని జానతో కొలిచినా. గిట్ట కాడ నుంచి భుజం దాకా నాలుగు జానలు, మీద రెండు వేళ్లు. తక్కినవాటిని గూడా కొలిచినా. మూడు జానలు దాటింది ఒగటీ లేదు. మీ మామ గడప కాడ నిలబడి "ఏమ్మా, గొర్రెలకు చొక్కాలు కుట్టిస్తావా" అన్నాడు.

కొలిచినందుకు గూడా పాపమేమో అని చేతులు కడుక్కున్నా. ఇంక ఈ మాట రాయొద్దు. నువ్వు బాగుంటే చాలు నాకు.

అవ్వ

*

గార్లదిన్నె
నవంబరు 6, 2002

అవ్వకు,

అంతా బాగే. ఆ పాఠం అయిపోయింది. ఇప్పుడు కాంతి పాఠం చెబుతున్నాను. అద్దాలు, నీడలు. గొడవ లేనిది.

మామను అడిగినానని చెప్పు. పని ఎక్కువగా ఉంది.

జయంతి

*

కొత్తబండపల్లి
డిసెంబరు 15, 2002

నా తల్లికి,

నీ జాబు అరిచేతి అంత ఉండాది. నువ్వు చిన్నప్పుడు బెల్లం దొంగిలించినప్పుడు గూడా ఇట్లే రెండు మాటలు మాట్లాడి పక్కకు తిరిగి పండుకుంటాంటివి. ఏం దాస్తాండావు? ఈరమ్మ కోడలు అంతా చెప్పింది. ఓబమ్మ నాయన మనుషుల్ని ఎంటబెట్టుకొని ఇస్కూలు కాడికి వచ్చినాడంట గదా? హెడ్మాస్టరు నీతో ఏందో రాయించుకున్నాడంట? నా నోట్లోంచి వచ్చిన మాట నీ మెడకు చుట్టుకునింది. రాయకపోయింటే బాగుండు.

నేనూ ఒగటి దాచినా. ఇంక చెప్పేస్తా.

ఆ నల్లపొట్టేలు నీ మీద నేను మొక్కుకున్నది. నువ్వు పరీక్ష రాసి ఇంటికొచ్చి గోడకు ఆనుకొని కూచున్నావు చూడు, ఆ దినమే సుంకులమ్మ ముందర చెప్పినా: "నా పాపకు ఉద్యోగమొస్తే ఆ యేడు మందలో పుట్టే మేటిది నీదే తల్లీ, ఆ పిల్లకు ఏ కీడూ రాకుండా చూడు." నీ పేరు వచ్చింది. ఆ యేడే ఇది పుట్టింది. ఉగాది అయినాక వచ్చే జాతరలో ఇయ్యల్ల.

ఇప్పుడు చూడు కత. గడ్డి కొనేకి మీ మామ తక్కిన పొట్టేళ్లన్నీ ఉరవకొండ సంతలో అమ్మేసినాడు. మీదుపొట్టేలు ఒగటే అమ్మకూడదు, అదొగటే మిగిలింది. నలభై ఉన్న మందలో ఇప్పుడు ఆడవి పద్నాలుగు. చిన్న గొర్రెపిల్లల్ని ఆ వంకలో కుక్కలే ఎత్తుకపోయినాయి. నువ్వు అన్నావే, రాబందు పోతే దాని కూడు ఇంకోదానికి పోతాదని. అట్లే అయ్యింది. రాబందు కూడు కుక్కలకు, కుక్కల కండ్లు మా పిల్లల మీదికి.

ఈ నల్లదాన్ని ఇచ్చేస్తే మన ఊళ్లో తిప్పయ్య పొట్టేలును అడుక్కొని తెచ్చుకోవల్ల. అది పొట్టేలు కాదు, పెద్ద పిల్లి. నాలుగేండ్లలో మంద ఉండదు. ఇయ్యకపోతే నీకు ఏమన్నా అయితే?

నువ్వు చేటలో కాయలు పోసి చూపించినావు. ఇప్పుడు నువ్వే చెప్పు. ఇయ్యల్లా, వద్దా?

అవ్వ

*

గార్లదిన్నె
జనవరి 12, 2003

అవ్వా,

నీ జాబు నాలుగు సార్లు చదివినాను. నెల దినాలు జవాబు రాయలేకపోయినాను, క్షమించు.

నువ్వు విన్నది నిజమే. ఓబమ్మ నాయన వచ్చి "మా దేవుండ్ల గురించి నా బిడ్డకు నేర్పేకి ఈమె ఎవురు" అని వరండాలో అరిచినాడు. ఓబమ్మ స్తంభం వెనక నిలబడి ఏడ్చింది. హెడ్మాస్టరు నారాయణ సారు చెడ్డాయన కాదు. "అమ్మా, పుస్తకంలో ఉండే జిరాఫీ మెడ చెప్పుకుంటే ఎవరూ రారు గదా, గొర్రె దాకా ఎందుకు పోయినావు" అన్నాడు. పుస్తకం దాటి చెప్పనని రాసిచ్చినాను. రాసిచ్చేటప్పుడు కోపం రాలేదు, ఏడుపు రాలేదు. ఊరికే అలసటగా ఉండింది. ఇంకా పోలేదు అది.

ఇప్పుడు నువ్వు అడిగింది. మొక్కు నా మీద ఉందని తెలిసి ఉంటే ఆ దినం నవ్వేదాన్ని కాదు.

అవ్వా, నేను చెప్పలేను. టీచరుగా అయితే ఇయ్యొద్దు అని చెప్పాల. కానీ పరీక్ష హాల్లో పేపరు చేతికి ఇచ్చినప్పుడు నేనూ సుంకులమ్మనే తలుచుకున్నాను. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. నా పేరు మీద ఇచ్చిన మాటను తప్పమని నేనే నీకు ఎట్లా చెప్పేది? ఇయ్యమని చెప్పి నీ మంద ఎట్లా పోగొట్టేది?

నువ్వు ఏం చేసినా నాకు సమ్మతమే. నన్ను మాత్రం అడగొద్దు.

జయంతి

*

కొత్తబండపల్లి
ఏప్రిల్ 10, 2003

జయంతీ,

ముందు ఇది చెప్పు. నీకు దగ్గు ఉండాదా? జరం? కడుపులో ఏమన్నా? ఈ జాబు అందిన దినమే రాయి. కార్డు ముక్క చాలు.

మొన్న మంగళవారం జాతర అయ్యింది. పొట్టేలికి తలంట్లు పోసి, బంతిపూల దండ వేసి తీసుకపోయినాము. పూజారి వీరప్ప చెంబులో పసుపు నీళ్లు తీసుకున్నాడు. నేను "ఒక్క నిమిషం సామీ" అని పొట్టేలి చెవి కాడ నోరు పెట్టినా. ముసల్ది మొక్కుకుంటాందిలే అనుకున్నారు అందరూ. నేను అడిగింది వేరే. "సుంకులమ్మ తల్లీ, నేను మాట తప్పను. ఇది నీదే. ఒక్క వానకాలం ఆగు. దీని రకం నాలుగు పిల్లలు నేల మీద పడనీ. ఆగుతానంటే దులిపించు. ఆగనంటే గమ్మున నిలబెట్టు, ఇప్పుడే ఇచ్చేస్తా."

వీరప్ప నీళ్లు పోసినాడు. ఆ నీళ్లు పొట్ట దాకా గూడా జారలే, తోక నుంచి తల దాకా దులిపింది. నా మొగమంతా పసుపే.

డప్పులు అందుకున్నాయి. వీరప్ప "అమ్మ ఒప్పుకునింది, తెండప్పా" అని కత్తికి చేయి చాపినాడు. నేను పగ్గం చేతికి చుట్టుకొని "ఒప్పుకునింది సామీ, ఆగుతానని ఒప్పుకునింది" అన్నా.

"ఎవురు ఆగేది?"

"అమ్మే."

"ఎవురితో చెప్పింది?"

"నాతోనే. నేనడిగినా, అది దులిపింది. నువ్వూ చూసినావు గదా."

"ఏమి తిమ్మక్కా, ఎండకు మతి పోయిందా? దులిపేది కొయ్యమని!"

"నువ్వు కొయ్యమంటావా అని అడిగినావా?"

"నేనేమీ అడగలే. ఎవురూ అడగరు, నీళ్లు పోస్తామంతే."

"నేనడిగినా గదా మరి. అడిగినోళ్లకే గదా జవాబు."

డప్పోళ్లు నిలిపేసినారు. ఒగడెవడో "అట్లయితే ముసల్దాని మాటే చెల్లుతాదిలే వీరప్పా" అని నవ్వినాడు. నేను పగ్గం చేతికి ఇంకో చుట్టు చుట్టుకున్నా. అప్పుడు మీ మామ ముందుకొచ్చి, "మాయమ్మ అన్నిటికీ బయపడతాది గానీ అబద్దం చెప్పదు సామీ" అన్నాడు. వీరప్ప చాపిన చేయి వెనక్కి తీసుకొని, "పై జాతరకు రావల్ల ఇది. ఈ నడమ ఏం జరిగినా నన్నడగొద్దు" అన్నాడు. ఆయన కోపం దిగల్లని కోడిని ఇచ్చినాము.

ఇంటికొచ్చి పొట్టేలి గుడ్డ విప్పేసినా.

అప్పటినుంచి నాకు నిద్ర లేదు. వీరప్ప ఆ చివరి మాట ఏంటికన్నాడు? నువ్వు బాగుండావా? రాయి తల్లీ.

అవ్వ

*

గార్లదిన్నె
మే 4, 2003

అవ్వా,

నేను రాయిలా ఉన్నాను. దగ్గు లేదు, జ్వరం లేదు. సెలవుల్లో ఊరికి రాలేను, అనంతపురంలో టీచర్లకు ట్రైనింగు వేసినారు. దిగులు పడొద్దు.

గుడ్డ మళ్లీ కట్టొద్దు.

జయంతి

*

గార్లదిన్నె
అక్టోబరు 14, 2003

అవ్వా,

ఈ జాబు ఎప్పుడో రాయాల్సింది. మే నెలలో నేను నీకు అబద్ధం రాసినాను.

ట్రైనింగు లేదు. నీ జాబు అందిన దినానికి నాకు అమ్మవారు పోసి మూడు దినాలు. ఒళ్లంతా పొక్కులు, మొగం మీద కూడా. ఇల్లుగల ఆమె తలుపు దగ్గర వేపమండలు పెట్టి, మజ్జిగన్నం గడప మీద పెట్టి పోయేది. అది గాలిలో ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బని నేనే క్లాసులో చెప్పినాను, పిల్లలకు ఫిబ్రవరి నుంచే ఉంది. అయినా చాప మీద పడుకొని నీ జాబు చదువుతుంటే, నిజంగానే సుంకులమ్మ వచ్చి అడుగుతోందేమో అనిపించింది. నీకు తెలిస్తే ఆ పూటే పొట్టేలిని ఇచ్చేస్తావని తెలుసు. అందుకే దాచినాను. ఇప్పుడు మచ్చలు కూడా మానినాయి, నుదుటి మీద ఒక్కటి తప్ప.

ఈ యేడు మళ్లీ ఆ పాఠం వచ్చింది. పుస్తకంలో ఉన్నది చదివించినాను. జిరాఫీ మెడ గీయించినాను. ఎవరూ ఏమీ అడగలేదు. సారు వరండాలోంచి చూసి తల ఊపి పోయినాడు. గంట కొట్టినారు, అందరూ లేచినారు. అవ్వా, పోయిన యేడు అరుపుల కంటే ఈ యేడు ఈ నిశ్శబ్దమే నన్ను ఎక్కువ అలసిపోయేట్లు చేసింది.

గొర్రెలు చూలుతో ఉన్నాయా?

జయంతి

*

కొత్తబండపల్లి
డిసెంబరు 21, 2003

నా తల్లి జయంతికి,

నీకు అమ్మవారు పోసిందని నాకు మే నెలలోనే తెలుసు. ఈరమ్మ కోడలు ఉండాది గదా. నువ్వు దాచినావు, నాకు తెలుసనేది నేను దాచినా.

తెలిసిన దినం పొట్టేలిని పగ్గమేసి వీరప్ప ఇంటి దాకా తోలుకపోయినా. రెండుసార్లు పోయినా. ఏంటికంటే నేను చేసిన తప్పు నాకే తెలుసు. మీ మామ నేను అబద్దం చెప్పనన్నాడు గదా, వాని నమ్మకం చెడగొట్టొద్దు, నీకు మాత్రం చెప్తాండా. ఆ దినం పొట్టేలి చెవిలో అడిగినాక, చెవిలోకి ఉఫ్‌మని ఊదినా. చెవిలో గాలి పోతే ఏ గొర్రయినా దులుపుతాది. యాభై యేండ్లు గొర్రెల్లో ఉండా, నాకు తెలీదా? అమ్మ జవాబు నేనే చెప్పించినా. అందుకే నీకు పోసింది అనుకున్నా. వీరప్ప గడప కాడ కూచొని ఏడ్చినా.

రెండోసారి పోయినప్పుడు ఈరమ్మ కోడలు ఎదురుపడి, "మీ జయంతికే కాదు, ఓబమ్మకూ పోసింది, పాపం వాళ్ల నాయన మార్చి నెలలోనే మేటి పొట్టేలును ఇచ్చినాడు, అయినా ఆ పిల్లకు మీ పాప కంటే ఎక్కువ పోసింది" అనింది. నేను దావలోనే నిలబడిపోయినా. ఇచ్చినోళ్ల బిడ్డకూ పోసింది, ఇయ్యని నా బిడ్డకూ పోసింది. అట్లయితే అమ్మ పొట్టేలు కోసం రాలే. ఊరికే వచ్చింది, అందరిండ్లకూ వచ్చినట్లు. నువ్వు చేటలో కాయలు ఎంచినట్లు నేనూ ఆ పూట నా మనసులో ఎంచుకున్నా. వెనక్కి తిరిగొచ్చి పొట్టేలిని విడిచిపెట్టినా. అయినా నీ అక్టోబరు జాబు వచ్చేదాకా నా పానం నాలో లేదు. ఇప్పటికీ పూర్తిగా లేదనుకో. నొసటి మచ్చకు గంధం రాయి.

వానలు ఈ యేడూ అంతంతే. చెనిక్కాయ పోయింది. కానీ పద్నాలుగు గొర్రెల్లో తొమ్మిది ఈనినాయి. రెండు చచ్చినాయి, ఒగటి కుక్కల పాలయ్యింది. ఆరు నిలిచినాయి. అందులో మూడు నాయన పోలికే. కాళ్లు చూస్తే కొంగల మాదిరి పొడుగు. మీ మామ పొద్దస్తమానం రొప్పం గోడకు ఆనుకొని చూస్తాండాడు, కూడు తినేకి పిలిస్తే రాడు.

ఈ సంగతి నీ పిల్లోళ్లకు చెప్పు. పుస్తకం దాటి చెప్పనని నువ్వు రాసిచ్చినావు, నేను రాసియ్యలే. మా అవ్వ జాబులో రాసింది అని చదువు, నువ్వేమీ అనొద్దు. ఓబమ్మ నాయన అరిస్తే ఈడికి రమ్మను. ముసల్దాన్ని నన్నేం చేస్తాడు? వస్తే మూడు పిల్లల్నీ చూపిస్తా. వానికీ మంద ఉండాది గదా, కాళ్లు చూస్తే వానికే తెలుస్తాది.

నల్లపొట్టేలు పై జాతరకు పోతాది. మాట మాటే. దాన్ని చూస్తే నాకు ఇయ్యబుద్ది కాదు గానీ, అమ్మ ఆగింది, నేనూ ఆగల్ల.

నిన్న మీ మామ కొత్త మీదు కోసం పసుపు దారం తెచ్చి నా చేతికిచ్చినాడు. రొప్పంలో కూచొని మూడు పిల్లల్నీ ఒడిలోకి ఎత్తుకొని జానతో కొలిచినా. చిన్నదానికి కడదామా అని శానాసేపు అనుకున్నా. మనసొప్పలే. ఇచ్చేది ఇచ్చినట్లుండల్ల గదా. అన్నిట్లోకీ పొడుగుదానికే కట్టినా.

గుడ్డ మాత్రం కట్టలే.

అవ్వ